మల్లీశ్వరి మీద రాసిన రివ్యూ ఎస్సే దిద్దుకోవాల, యాడ మొదలుపెట్టాల? కడప, అనంతపురం వాళ్ళు ఎవరన్నా చెప్పండి

ప్రొద్దుటూరు పిల్ల:

అందరికీ నమస్తే. మాది ప్రొద్దుటూరు, కడపలో డిగ్రీ సెకండియర్ చదువుతాండా. తెలుగులో ప్రాజెక్టు కింద ఏదన్నా పాత సినిమా తీసుకుని సమీక్షా వ్యాసం రాయమన్నారు, వెయ్యి పదాలు దాటకూడదంట, సోమవారం ఇచ్చేయాల. నేను బి.ఎన్.రెడ్డి గారి మల్లీశ్వరి తీసుకున్నా. ఆయన మన జిల్లా ఆయన కదా అని ఒకటి, మా అవ్వకి ఆ సినిమా పాటలన్నీ నోటికొచ్చు కాబట్టి డౌటొస్తే ఇంట్లోనే అడగొచ్చని ఇంకోటి.

రాయడమైతే రాసేసినా, పదహారొందల పదాలు దాటిపోయింది. మా సార్‌కి చూపిస్తే రెండు పేజీలు తిప్పి "ఇది కథమ్మా, సమీక్ష కాదు, దిద్దుకొని రా" అని చేతికిచ్చేసినాడు, ఎట్ల దిద్దాలో మాత్రం చెప్పలా. ఫ్రెండ్స్ గ్రూపులో పెడితే అందరూ సూపర్ అని ఒక బొమ్మ పెట్టినారు, ఒక్కరన్నా తెరిచి చదివినారో లేదో దేవుడికే తెలియాల.

శాంపిలుకి మొదటి పేరా పెడతాండా, చూడండి:

"మల్లీశ్వరి చిత్రం తెలుగు సినీ చరిత్రలోనే ఒక అత్యద్బుతమైన కళాఖండం. శ్రీకృష్ణదేవరాయల కాలంలో జరిగిన ఈ కధలో మల్లీశ్వరిగా భానుమతి గారు, నాగరాజుగా ఎన్టీఆర్ తమ తమ పాత్రలకు జీవం పోశారని చెప్పడంలో ఏమాత్రం అతిశయోక్తి లేదు. హంపిలో తీసిన ఈ చిత్రంలోని ప్రతి సన్నివేశం ప్రేక్షకుల హృదయాలను హత్తుకుంటుంది. బావామరదళ్ళ విరహ భాదను దర్శకుడు ఎంతో చక్కగా చిత్రీకరించడం జరిగింది. సాలూరి రాజేశ్వరరావు గారి సంగీతం గురించి ఎంత చెప్పినా తక్కువే అవుతుంది."

ముందు స్పెల్లింగులు చూసుకోవాల్నా, పదాలు తగ్గించుకోవాల్నా, లేకపోతే మొత్తం చించేసి మళ్ళీ రాయాల్నా? ఇంకొకటి, ఇంత పేరున్న సినిమాలో నాకు నచ్చని ముక్క ఒకటుంది, అది రాస్తే సార్‌కి కోపమొస్తాదేమో అని భయంగా ఉంది.

చాక్‌పీసు సార్, అనంతపురం:

పాపా, ముందు ఆ ఎర్ర పెన్ను పక్కన పెట్టు. స్పెల్లింగులు చివరి పని. రేపు కొట్టేసే పేరాలో ఈ పొద్దు ఒత్తులు సరిచేసుకుంటా కూర్చుంటే టైము దండగ, పైగా కష్టపడి దిద్దిన వాక్యం కొట్టేయాలంటే మనసొప్పదు, అట్ల ఉండకూడనివన్నీ వ్యాసంలో ఉండిపోతాయి. నేను పేపర్లు దిద్ది దిద్ది చూసింది ఇదే, పిల్లలు దిద్దడమంటే తప్పొప్పులు చూసుకోవడమే అనుకుంటారు.

నువ్వు పెట్టిన పేరా మీద ఒక పని చెయ్యి. మల్లీశ్వరి అన్నచోట పాతాళభైరవి అని పెట్టు. అది కూడా 1951లోనే వచ్చింది, అందులో కూడా రామారావే. రాయల కాలం, హంపి అన్న ముక్కలు తీసేసి, హీరోయిన్ పేరు, సంగీతం పేరు మార్చి చదువు. ఏమన్నా తేడా వచ్చిందా? రాలేదు గదా. ఏ సినిమాకైనా అతికే వాక్యం ఈ సినిమా గురించి ఏమీ చెప్పనట్టే లెక్క. "జీవం పోశారు", "హృదయాలను హత్తుకుంటుంది", "ఎంత చెప్పినా తక్కువే", ఇవన్నీ ఆ బాపతువే. ఎంత చెప్పినా తక్కువే అని చెప్పి అసలు ఏమీ చెప్పకుండా పోవడం మన సినిమా వ్యాసాలకి పాత జబ్బు, నీ ఒక్కదాని తప్పు కాదులే.

రెండోది, మొత్తం వ్యాసం ప్రింటు తీసుకుని ఒక్కో పేరా పక్కన మార్జిన్లో ఆ పేరా ఏం పని చేస్తాందో పెన్సిల్‌తో ఒక మాట రాయి. కథ చెప్తాంటే "కథ", పొగుడుతాంటే "పొగడ్త", వివరాలిస్తాంటే "వివరం", నీ అభిప్రాయం చెప్పి దానికి సినిమాలో నుంచి రుజువు చూపిస్తాంటే "నాది" అని. రాసినాక మార్జిన్ ఒక్కటే పై నుంచి కిందికి చదువు. మీ సార్ ఎందుకట్లన్నాడో నీకే తెలిసిపోతాది.

కథ అస్సలు ఉండకూడదని కాదు. సినిమా చూడనోడికి నీ మాట అర్థం కావడానికి ఎంత కావాలో అంతే ఉండాల. నీ మాటేందో తేలకుండా కథ ఎంత కావాలో తేలదు. కాబట్టి అసలు ప్రశ్న ఇది, సినిమా అయిపోయినాక నీ మనసులో ఏం మిగిలింది? ఒక్క వాక్యంలో ఇక్కడే చెప్పు. పుస్తకాల భాష వద్దు, మీ అవ్వతో చెప్పినట్టు చెప్పు.

ఇంకొక చిన్నది, ఇది వాక్యం తప్పు. "దర్శకుడు చిత్రీకరించడం జరిగింది" అని రాసినావు. దర్శకుడే కర్త అయినప్పుడు ఆయన చిత్రీకరించినాడు, అంతే. ఆ "జరిగింది" ఆఫీసు కాగితాల్లో నుంచి వచ్చి పిల్లల నోట్సుల్లో కాపురం పెట్టేసింది.

పాతరీలు, తాడిపత్రి:

సార్ చెప్పింది కరెక్టు, కానీ నాకు వేరే చోట కాలింది. "హంపిలో తీసిన ఈ చిత్రం" అన్నావు, ఎవరు చెప్పినారు నీకు? సినిమాలో హంపి కనపడితే హంపిలో తీసినట్టేనా? ఆ వీధులు, ఆ మండపాలు, ఆ రాణివాసం కట్టింది కళాదర్శకుడు ఎ.కె.శేఖర్, మద్రాసు వాహినీ స్టూడియో సెట్లు అవి. ఆ ముక్క తీసేసి ఆయన పేరు పెట్టు, అబద్ధం పోయి నిజం వస్తాది, పైగా సమీక్షకి ఒక పాయింటు దొరుకుతాది.

అట్లనే "రాయల కాలంలో జరిగిన కథ" అంటే చరిత్రలో జరిగిందేమో అనుకుంటారు. రాయలు ఉన్నాడు, 1509 నుంచి 1529 దాకా ఏలినాడు, అల్లసాని పెద్దన ఉన్నాడు, మల్లి, నాగరాజు మాత్రం కల్పించిన మనుషులు. "రాయల కాలం నేపథ్యంగా అల్లిన కథ" అను, సరిపోతాది. పెద్దన పేరొచ్చింది కాబట్టి చెప్తాండా, రాయలు ఆయనకిచ్చిన కోకట అగ్రహారం మీ కడప జిల్లాలో కమలాపురం దిక్కే, వ్యాసంలో పెట్టమని కాదు, తెలిసుంటే బాగుంటాది. సినిమాలో ఆ వేషం వేసింది న్యాపతి రాఘవరావు, పిల్లల ప్రోగ్రాములతో రేడియో అన్నయ్యగా పేరు పడినాయన.

పేర్ల దగ్గర శానామంది తడబడతారు, నువ్వు కూడా ఒకసారి చూసుకో. బి.ఎన్.రెడ్డి దర్శకుడు, వాహినీ ఆయనది. బి.నాగిరెడ్డి ఆయన తమ్ముడు, విజయా, చందమామ ఈయనవి. ఇద్దరికీ ఫాల్కే అవార్డు వచ్చింది, అన్నకి 1974ది, తమ్ముడికి 1986ది. ఒకరి అవార్డు ఇంకొకరికి ఇచ్చేసిన వ్యాసాలు నెట్‌లో దండిగా ఉండాయి, వాటిల్లో నుంచి దించుకుంటే నీకూ అదే తప్పొస్తాది. దేవులపల్లి కృష్ణశాస్త్రి పాటలు రాసినాడని అందరూ రాస్తారు, మాటలు కూడా ఆయనవే, దాన్ని వదిలేస్తారు. ఆ డైలాగులు వింటాంటే పాట యాడ మొదలైందో తెలీకుండా జారిపోతాది, అది ఎందుకో రాసినావంటే అదే ఒక పేరా.

టైటిల్ పక్కన 1951 అని తప్పకుండా వెయ్యి. 2004లో వెంకటేష్, కత్రినా కైఫ్ సినిమా కూడా మల్లీశ్వరే.

ఇంక పాతాళభైరవి మాటెత్తినారు కాబట్టి, దాని డైరెక్టరు కె.వి.రెడ్డి మా తాడిపత్రి మనిషి. ఊరికే చెప్పినాలే.

ఉగ్గానిబజ్జీ:

ఇంత కథ ఎందుకప్పా, చాట్‌జీపీటీలో వేసి దిద్ది పెట్టమంటే రెండు నిమిషాల్లో వెయ్యి పదాలకి కోసి ఇస్తాది. సోమవారం దాకా టెన్షన్ ఎందుకు?

పాతరీలు, తాడిపత్రి:

@ఉగ్గానిబజ్జీ, ఈ సినిమాతోనే వేసి చూడు సామీ. పాత తెలుగు సినిమా గురించి అడిగితే లేని సీను కూడా ఉన్నట్టు నమ్మకంగా రాసి పెడతాది, ఆ పాప దాన్ని తీసుకుపోయి సార్‌కి ఇస్తే, ఆ సార్‌కి సినిమా నోటికొచ్చుంటే? అదీగాక అది రాసే తెలుగుకి ఒక వాసన ఉంటాది, పేపర్లు దిద్దేవాళ్ళు మొదటి పేరాలోనే పట్టేస్తారు.

చాక్‌పీసు సార్, అనంతపురం:

పూర్తిగా వద్దని నేననను. "ఇందులో అక్షరదోషాలు ఉన్న పదాలు చూపించు, ఏదీ మార్చొద్దు" అని అడిగి, అది చూపించిన ప్రతిదాన్నీ నిఘంటువులో చూసుకుంటే పర్వాలేదు. కరెక్టుగా ఉన్నదాన్ని కూడా తప్పంటాది అప్పుడప్పుడు. దిద్దమంటే మాత్రం నీ గొంతు పోయి దాని గొంతు వస్తాది.

ప్రొద్దుటూరు పిల్ల:

సార్, మార్జిన్లో రాసి చూసినా. సిగ్గుపోయింది, ముక్కాలు భాగం "కథ" అనే వచ్చింది, మొదట్లో, చివర్లో "పొగడ్త", "నాది" అనేది ఒక్కచోట కూడా లేదు 😭 మీరు అడిగిన ప్రశ్న అవ్వ దగ్గర కూర్చొని ఆలోచించినా. నాకు మిగిలింది ఇది: ఈ సినిమాలో చెడ్డోళ్ళు ఎవరూ లేరు, అయినా అందరూ ఏడుస్తారు, అదంతా నాగరాజు ఎగతాళికి అన్న ఒక్క మాట వల్ల. అవ్వ కూడా అదే అనింది, "వాని నోరే వానికి శత్రువు" అని.

ఆ పేరా తీసేసి కొత్తగా ఇట్ల రాసినా, తిట్టకుండా చెప్పండి:

"నాగరాజు నవ్వులాటకి అన్న ఒక్క మాట మల్లీశ్వరి కథనంతా నడిపిస్తుంది. సంత నుంచి ఎడ్లబండి మీద తిరిగొస్తూ వానకి మండపంలో ఆగిన రాత్రి, మల్లి బావ కోసం ఆడి పాడుతుంది. అక్కడే తలదాచుకున్న ఇద్దరు బాటసారులు దాన్ని చూసి మెచ్చుకుంటారు. వాళ్ళు మారువేషంలో ఉన్న రాయలు, పెద్దన అని నాగరాజుకి తెలీదు. రాయలతో చెప్పి మా మల్లికి రాణివాసం పల్లకీ పంపించండి అని ఆటపట్టిస్తాడు. ప్రేక్షకుడు కూడా అక్కడ నవ్వుతాడు. తర్వాత నాగరాజు డబ్బు సంపాదించడానికి ఊరు విడిచి వెళ్ళినప్పుడు ఆ పల్లకీ నిజంగానే వస్తుంది. రాయలు కోరిక తీర్చాను అనుకున్నాడు. తల్లి అదృష్టం పట్టింది అనుకుంది. ఎవరూ చెడు తలపెట్టలేదు, కానీ మల్లి ఎక్కిన పల్లకీ ఆమెకి చెరసాల అయింది."

చాక్‌పీసు సార్, అనంతపురం:

ఇదిగో, ఇది సమీక్ష. ఇందులో కూడా కథ ఉండాది చూడు, కానీ నీ మాటని మోయడానికి ఉండాది. మొదటి వాక్యంలో నువ్వేం చెప్పబోతున్నావో తెలిసిపోయింది, మిగతాదంతా దానికి సాక్ష్యం. "ప్రేక్షకుడు కూడా అక్కడ నవ్వుతాడు" అన్న వాక్యం నాకు శానా నచ్చింది, సినిమా మనల్ని కూడా ఆ తప్పులో భాగం చేసిందని చెప్పకుండానే చెప్పినావు.

అయితే కాలం చూసుకో. పైనంతా "ఆడి పాడుతుంది", "మెచ్చుకుంటారు", "వస్తుంది" అని నడిచి, ఉన్నట్టుండి "అనుకున్నాడు", "అనుకుంది", "అయింది" అని వెనక్కి పోయింది. సినిమాలో జరిగేది చెప్పేటప్పుడు వర్తమానంలోనే నడిపించు, సినిమా ఎప్పుడొచ్చింది, ఎవరు తీసినారు అనేవి భూతకాలం. "ఆమెకి చెరసాల అవుతుంది" అంటే సరి. చివరి పల్లకీ, చెరసాల మాట రోంత సినిమా పోస్టరు మాదిరి ఉండాది, నీకు ఇష్టమైతే ఉంచుకో, నేనైతే "ఎవరూ చెడు తలపెట్టరు" దగ్గర ఆపేస్తా.

"గారు" సంగతి కూడా తేల్చుకో. పాత పేరాలో భానుమతి గారు అన్నావు, రాజేశ్వరరావు గారు అన్నావు, ఎన్టీఆర్ దగ్గరికొచ్చేసరికి గారు ఎగిరిపోయింది. సమీక్షలో ఎవరికీ గారు లేకపోయినా అమర్యాద కాదు. ఒకరికి పెట్టి ఇంకొకరికి పెట్టకపోతేనే బాగుండదు. అట్లనే ఒకచోట చిత్రం, ఒకచోట సినిమా, ఒకచోట మల్లీశ్వరి, ఒకచోట మల్లేశ్వరి అని ఉంటాయి, నాకు తెలుసు, వెతుక్కో.

ప్రొద్దుటూరు పిల్ల:

సార్ నిజంగానే రెండు చోట్ల మల్లేశ్వరి అని ఉండాది, మీకెట్ల తెలిసింది 😀

సరే, నచ్చని ముక్క చెప్తా. చివర్లో నాగరాజు రాణివాసంలోకి దూరి దొరికిపోతాడు, మరణశిక్ష అంటారు, తర్వాత రాయలే క్షమించి ఇద్దరినీ కలిపేస్తాడు. నాకు అది హడావిడిగా అయిపోయినట్టు అనిపించింది. అంతసేపు ఏడిపించి ఒక్క మాటతో అయిపోయిందంటే ఎట్లా? ఇది రాయొచ్చా? "అంత పెద్ద డైరెక్టరుని నువ్వెవరు అనడానికి" అంటారేమో.

బురుజు పక్కన, కర్నూలు:

రాయి. భయపడి రాసేది భజన అవుతాది, సమీక్ష కాదు. కానీ "హడావిడిగా ఉంది" అంటే చాలదు, ఎందుకు అట్ల అనిపించిందో సినిమాలో నుంచే చూపించాల. అనుమతి లేకుండా రాణివాసంలో అడుగుపెడితే చావే అనే కట్టుబాటు సినిమా ముందు నుంచీ చెప్తానే ఉండాది, మన భయమంతా దాని మీదనే నిలబడింది. చివర్లో ఆ కట్టుబాటు మారిందా? లేదు. రాజుకి దయ కలిగింది, అంతే. రేపు ఇంకో మల్లి వస్తే? ఆమె మండపంలో రాయల ముందు ఆడి ఉండదు, ఆమెకి క్షమాపణ లేదు. ఈ పాయింటు పెట్టినావంటే ఏ సార్ కాదంటాడో చూస్తా.

పాతరీలు, తాడిపత్రి:

@బురుజు పక్కన, నేను ఒప్పుకోను. ముడి వేసింది రాయలే. మండపంలో విన్న ఎగతాళి మాటని నిజమనుకుని పల్లకీ పంపింది ఆయనే కదా, మరి ముడి విప్పాల్సింది ఇంకెవరు? నాగరాజు కత్తి పట్టుకుని కొట్లాడి గెలిస్తే అది వేరే సినిమా. పాప తన పేరాలో "ఎవరూ చెడు తలపెట్టరు" అనింది చూడు, ఆ లెక్కన మంచి అనుకుని చేసిన పని వల్ల ఇంత అయిందని రాజుకి తెలియడమే క్లైమాక్సు. హడావిడి అంటే ఒప్పుకుంటా, ఇంకో రెండు సీన్లు ఉండుంటే బాగుండు. తప్పు అంటే మాత్రం ఒప్పుకోను.

బురుజు పక్కన, కర్నూలు:

అన్నా నువ్వు చెప్పేది కథ ముగింపు గురించి, నేను చెప్పేది కట్టుబాటు గురించి. రెండూ పెట్టమను పాపని, ఒక వాక్యంలో నీది, ఒక వాక్యంలో నాది, తర్వాత ఆమె ఏ పక్కో ఆమె చెప్పుకుంటాది.

చాక్‌పీసు సార్, అనంతపురం:

అదే మంచి పద్ధతి. "ఇట్ల కూడా అనొచ్చు, కానీ నాకు ఇట్ల అనిపిస్తాది, కారణం ఇది" అని రాసిన వ్యాసానికి మార్కులు తగ్గించిన మనిషిని నేను ఇంకా చూడలా. ఒక జాగ్రత్త, ఆ పేరా వ్యాసం చివర్లో తోకలాగా అతికించొద్దు. నీ మాట "చెడ్డోళ్ళు లేని దుఃఖం" కదా, ముగింపు గురించిన నీ అసంతృప్తి కూడా దాని నుంచే పుట్టింది, కాబట్టి పల్లకీ పేరా తర్వాత పాట పేరా, దాని తర్వాత ఇది. పాట అంటే ఆకాశ వీధిలో తీసుకో. మల్లి రాణివాసంలో, శిల్పాలు చెక్కే నాగరాజు రాళ్ళ దగ్గర, ఇద్దరూ ఒకే మబ్బుతో మాట్లాడతారు, మధ్యలో గోడ ఉందని ఎవరూ చెప్పాల్సిన పని లేకుండా. ఘంటసాల, భానుమతి పాడినారు. "సంగీతం గురించి ఎంత చెప్పినా తక్కువే" అనే బదులు ఈ ఒక్క పాట మీద నాలుగు వాక్యాలు రాయి, సాలూరికి అంతకన్నా మర్యాద లేదు.

ప్రొద్దుటూరు పిల్ల:

పాటలో నుంచి ఎన్ని లైన్లు పెట్టొచ్చు సార్? నేను చరణాలన్నీ పెట్టినా, దాంతోనే పదాలు పెరిగినాయి.

చాక్‌పీసు సార్, అనంతపురం:

ఒక్క లైను, కోట్ గుర్తుల్లో, రాసినాయన పేరుతో. పాట మొత్తం దించితే అది నీ వ్యాసం కాదు.

డీటీపీ అన్న, కర్నూలు:

నేను ఇరవై ఏళ్ళ పైనుంచి కర్నూల్లో డీటీపీ, ప్రూఫులు చూసుకునే బతుకుతాండా, ఇంక మాటలు మార్చేది అయిపోయినాక నా ముక్క వినండి.

ముందు కోత. పదహారొందలు వెయ్యి కావాలంటే ఒక్కో వాక్యంలో రెండు పదాలు గీరితే కాదు, పేరాలే పోవాల. పాటల చరణాలు పోయినాయి, కథ సగం పోయింది, ఇంక నటీనటులు, సాంకేతిక నిపుణుల పేర్లన్నీ వాక్యాల్లో చుట్టి ఉంటావు, వాటిని తీసి పైన చిన్న డబ్బా కట్టి అందులో పెట్టేయి: సినిమా, సంవత్సరం, సంస్థ, దర్శకత్వం, మాటలు పాటలు, సంగీతం, కళ, ప్రధాన పాత్రలు. డబ్బాని పదాల లెక్కలో కలపాల్నా అని సార్‌ని అడుగు. "అని చెప్పడంలో ఏమాత్రం అతిశయోక్తి లేదు" లాంటివి కనపడినచోటల్లా కొట్టెయ్.

ఇప్పుడు ప్రూఫు. ఫోన్ స్క్రీన్ మీద చూస్తే తప్పులు కనపడవు, నువ్వు రాసింది కదా, కన్ను పదాన్ని చదవదు, నువ్వు అనుకున్నదాన్ని చదువుతాది. ప్రింటు తీయి, ఫాంటు రోంత పెద్దది చేసి, లైనుకి లైనుకి మధ్య ఖాళీ ఇచ్చి. స్కేలు పెట్టి కింది లైను మూసేసి, పై లైను ఒక్కటే చదువు. అది అయినాక ఇంట్లో ఎవరితోనన్నా గట్టిగా చదివించుకో, నువ్వు కాగితం చూస్తా ఉండు. ప్రెస్సులో మేం అదే చేస్తాం, ఒకరు చదువుతారు, ఒకరు దిద్దుతారు. చదివే మనిషి యాడ ఆగి మళ్ళీ వెనక్కి పోయి చదివినాడో ఆ వాక్యం కింద గీత గీయి. అక్షరం తప్పు లేకపోయినా వాక్యం మెలి పడిందని లెక్క. మీ అవ్వకి చదువొస్తే అవ్వని మించిన ప్రూఫ్ రీడరు లేదు.

నీ పేరాలో నాకు కనపడినవి చెప్తా. కధ కాదు కథ. భాద కాదు బాధ. అత్యద్బుతం కాదు అత్యద్భుతం, అయినా ఆ మాటే పోతాది కాబట్టి బాధ లేదు 😄 ఇట్లాంటివి ఒక్కోటి వెతికితే తెల్లారుతాది, కంప్యూటర్లో ఫైండ్ పెట్టి "కధ" అని కొట్టు, ఎన్ని ఉన్నాయో అన్నీ బయటికొస్తాయి. తర్వాత "అర్ధం" కొట్టు, సగం అనే చోట ఉంచి మిగతా చోట అర్థం చెయ్యి. "పద్దతి" కొట్టు, పద్ధతి చెయ్యి. "ప్రాధాన్యత" కొట్టు, ప్రాధాన్యం చాలు. "విధ్యార్థి", "శతాబ్ధం", ఇవి కూడా. ఒక మనిషి చేసే తప్పులు ఎప్పుడూ అవే నాలుగైదు ఉంటాయి, నీవి ఏవో తెలుసుకుంటే మిగతా జన్మంతా పనికొస్తాది. శ, ష, స దగ్గర, ళ, ల దగ్గర ఫోన్ కీబోర్డు సజెషన్ చూపించిందే నొక్కేస్తాం, అక్కడ వస్తాయి తిప్పలు. మైకులో చెప్పి టైపు చేయించుకున్నావంటే ఇంకా జాగ్రత్త, అది ఒక పదం బదులు ఇంకో నిజమైన పదమే పెడతాది, స్పెల్‌చెక్ కూడా పట్టుకోలేదు. "పల్లకీ" బదులు "పల్లెకి" వస్తే ఎవరికి తెలుస్తాది, చదివితే తప్ప.

పేర్లు మాత్రం చదివి వదిలేయొద్దు, ఒక్కోటి సినిమా టైటిల్స్‌తో పోల్చుకో. పేరు తప్పు పడితే మిగతా వ్యాసం మీద కూడా నమ్మకం పోతాది.

ఉగ్గానిబజ్జీ:

డీటీపీ అన్నా, మా చెల్లెలిది కూడా ప్రాజెక్టు ఉంది, మీ అంగడి యాడ?

డీటీపీ అన్న, కర్నూలు:

@ఉగ్గానిబజ్జీ నువ్వు చాట్‌జీపీటీ దగ్గరికి పో అప్పా 😂

పాపా, ఇంకొకటి మర్చిపోయినా. ప్రింటుకి అంగడికి పోతే వర్డ్ ఫైలు ఇవ్వొద్దు, పీడీఎఫ్ చేసి ఇవ్వు. మా పాత కంప్యూటర్లలో నీ ఫాంటు ఉండదు, తెరిచేసరికి వత్తులు పక్కకి జరిగి, పేజీలు మారి, డబ్బా ఒక పక్క, పేర్లు ఒక పక్క పోతాయి. వాళ్ళు "మేమే పాత ఫాంటులోకి మార్చి సెట్ చేస్తాం" అంటే అస్సలు ఒప్పుకోవద్దు, మార్చినప్పుడల్లా కొత్త తప్పులు పుడతాయి, నువ్వు చేసిన ప్రూఫంతా పోయినట్టే. ఒకవేళ మార్పించాల్సే వస్తే ప్రింటు తీసే ముందు మళ్ళీ మొదటి నుంచి చదవాల, ముఖ్యంగా క్ష, జ్ఞ, ర వత్తు ఉండే పదాలు, సాఫ్ట్‌వేర్ లాంటి ఇంగ్లీషు మాటలు.

ప్రొద్దుటూరు పిల్ల:

అందరికీ శానా థాంక్స్. ముగింపు పేరాలో రెండు పక్కలా పెట్టి నేను బురుజు పక్కన అన్న వైపు నిలబడినా, తాడిపత్రి అన్న ఏమనుకోవద్దు. ఇప్పుడు తొమ్మిది వందల ఎనభై పదాలుండాది. అవ్వ కళ్ళజోడు పెట్టుకుని చదువుతాంది, "న్యాపతి" దగ్గర ఆగి రేడియో అన్నయ్య గురించి మొదలుపెట్టింది, ఇంక ప్రూఫు ఈ పొద్దు అయ్యేట్టు లేదు. స్పైరల్ బైండింగ్ చేయించాల్నా అన్నా?

పాతరీలు, తాడిపత్రి:

ఏమనుకోనులే, కానీ ఆ వాక్యంలో నా పాయింటు సరిగ్గా రాసినావో లేదో ఇక్కడ పెట్టు, చూస్తా.

డీటీపీ అన్న, కర్నూలు:

ఐదారు పేజీలకి స్పైరల్ ఎందుకు, డబ్బులు దండగ. ఎడమ పక్క స్టేపిల్ కొట్టు, పేజీ నంబర్లు వెయ్యి, మొదటి పేజీలో నీ పేరు, రోల్ నంబరు సరిగ్గా ఉన్నాయో చూసుకో. అవి చూడకుండా ఇచ్చేవాళ్ళే ఎక్కువ.